పెద్దమ్మ వేయించుకోని సూది

శాలిబండలో మా పక్కింటి పెద్దమ్మ మొన్న మంగళవారం పోయింది. వాంతులు, విరేచనాలతో గత్తర పట్టి రెండు పూటల్లో పోయింది. ఏటా ఎండలు ముదరగానే గల్లీలోని ముసలివాళ్లందరికీ గత్తర సూది వేయించిన మనిషికి ఆ చావే రావడం ఏం న్యాయమో నాకు తెలియదు.

సూది వేయించుకుంటే మర్నాడు జ్వరం, చెయ్యి లేవదు. ఒక్కరోజు పని పోతే పొయ్యి వెలగని ముసలివాళ్లు టీకాల సాయబును చూడగానే తలుపులు వేసుకునేవారు. పెద్దమ్మ ఆ తలుపులు తట్టేది. “మీ పని నేను జేస్త. జ్వరం మాత్రం మీరే పడున్రి” అనేది. అన్నట్టే మర్నాడు పొద్దున్నే వాళ్ల పనిలో కూర్చునేది. బీడీలు చుట్టే నానీమా ఇంట్లో ఆమె చుట్టినవి సగం విప్పి మళ్లీ చుట్టుకోవలసి వచ్చేదట. “ఆకు కరాబు జేస్తవ్ గని, నువ్వొస్తే గుండెకు హిమ్మత్ వస్తది” అనేది నానీమా. మా అమ్మ ఇన్నేళ్లు బతికి బట్టకట్టిందంటే అదీ పెద్దమ్మ పుణ్యమే.

తను మాత్రం అందరి వంతూ అయ్యాకే వేయించుకునేది. తనకు జ్వరమొస్తే వాళ్ల పనికి ఎవరు పోతారని.

ఈసారి చివరికి ఆకుకూరలమ్మే అవ్వ మిగిలింది. సాయబు ఇక మర్నాడు, శనివారం ఒక్కరోజే వస్తాడు. పెద్దమ్మ మా గడపలో కూర్చుని అడిగింది: “కొడుకా, అవ్వ, నేను రేపే ఏయించుకుంటం. ఐతారం ఒక్క పూట మాదన్నపేట అంగట్ల అవ్వ గంప కాడ కూసుంటవా?”

“ఆఫీసోళ్లు జూస్తే నవ్వుతరు పెద్దమ్మా.”

“గదీ నిజమే. ఫికర్ జెయ్యకు, నేనే కూసుంట” అంది. కోపం కూడా తెచ్చుకోలేదు. నాకు సెలవని చూసుకునే అడిగింది. ఆ ఆదివారం నేను ఎండెక్కేదాకా పడుకున్నాను.

అవ్వ సూది వేయించుకుంది. పెద్దమ్మ వేయించుకోకుండా గంప దగ్గర కూర్చుంది. పది రోజులు తిరక్కుండానే ఆమెకు గత్తర వచ్చింది.

సాయబు నిన్న మళ్లీ వచ్చాడు. అందరూ ఇంకో సూది వేయించుకోవాలన్నాడు. నేను అవ్వ దగ్గరికి పోయి, రేపు గంప దగ్గర నేను కూర్చుంటానన్నాను. ఆమె నా ముఖం చూడలేదు.

“నా గంప కాడ కూసొనే గదా ఆమె పాయె. ఒక్క పానం సాలు బిడ్డా” అని గంప నెత్తికెత్తుకుని పోయింది.

గల్లీ మొదట్లో సాయబు సూదులు మరగబెడుతూ కూర్చున్నాడు. గిన్నెలో నీళ్లు ఇగిరిపోతే మళ్లీ పోసుకున్నాడు. గల్లీలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆ పూటంతా అతని ముందు చొక్కా చెయ్యి మడుచుకుని నిలబడ్డది నేనొక్కణ్నే.