పిట్టల జొన్న

ఊహ తెలిసినప్పటి నుంచీ హాస్టళ్లలో పెరిగినదాన్ని. ఎండాకాలం సెలవులకు తప్ప ఇంటికి పోయింది తక్కువ. అందుకే మా చేను అంటే నాకు తెలిసింది మే నెలలో దున్ని వదిలేసిన ఎర్రమట్టి మాత్రమే. చలికాలంలో మా ఇంటి చుట్టూ ఏముంటుందో ఇరవై నాలుగేళ్లు వచ్చేదాకా చూడలేదంటే నమ్ముతారా? నమ్మాలి. నేను చేసిన నష్టమంతా అక్కడి నుంచే వచ్చింది.

2012లో అశోక్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాను. గదికి ఆరు మంచాలు, అందరికీ కలిపి ఒక కిటికీ. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి పోయి కుర్చీ పట్టుకోవడం, మధ్యాహ్నం నారాయణగూడలో కోచింగ్, సాయంత్రం మళ్లీ అదే కుర్చీ. చలి వచ్చిందని తెలిసేది బాత్రూమ్ ముందు బకెట్ల వరుస పెరిగినప్పుడే.

అమ్మా నాయినా కూడా అదే పట్నంలో ఉండేవాళ్లు, ముషీరాబాద్‌లో మా పాలమూరోళ్లంతా ఉండే బస్తీలో ఒక గది కిరాయికి తీసుకుని. నాయిన వానలకు ఊళ్లో కంది వేసి, కలుపు అయ్యాక పట్నం వచ్చి మేస్త్రీ కింద పని చేసేవాడు. దీపావళి దాటగానే చేను దగ్గరికి తిరిగి పోయేవాడు. ఆ ఏడు పోలేకపోయాడు. ఏళ్ల తరబడి పీల్చిన సిమెంటు దుమ్ము ఊపిరి తీసుకోనివ్వడం లేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం, నాలుగు మాటలంటే దగ్గు.

ఒకరోజు నన్ను పిలిపించాడు. మంచం పట్టె పట్టుకుని, ఒక్కో మాటకూ ఆగుతూ, "చేను... జర చూస్కో బిడ్డా. కోతకు... నేనొస్త" అన్నాడు. ఆయన కోరిక అంతే. కంది కోసేలోపు ఇంటికి చేరాలి, కాయ నిండిన చేనును ఒకసారి కళ్లతో చూడాలి. డాక్టరు అమ్మను పక్కకు పిలిచి చెప్పిన మాట నాకూ తెలుసు కనుక, పరీక్షలున్నాయని అనలేకపోయాను. పుస్తకాలు సంచిలో వేసుకుని బస్సెక్కాను.

మా ఇల్లు ఊరికి దూరంగా, చేను గట్టునే ఉంటుంది. రెండర్రల రేకుల ఇల్లు. రాత్రి తోడుకు ఊళ్లోంచి ఒక పెద్దమ్మ వచ్చి పడుకుని, తెల్లారకముందే లేచి తన పల్లిచేనుకు వెళ్లిపోయేది. ఆ తర్వాత నేనూ, చలీ.

మొదటి పొద్దున తలుపు తీసి అక్కడే నిలబడిపోయాను. చేను కనిపించలేదు. మంచు గడప దాకా వచ్చి ఉంది. పొద్దెక్కుతుంటే ముందు రేగుచెట్టు, తర్వాత గట్టు, ఆ తర్వాత కంది. ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. కంది కొమ్మల మధ్య సాలెగూళ్లు నీటి బొట్లతో కిందికి వంగి ఉన్నాయి. పసుపుపచ్చ పూలు తడికి బరువెక్కి, తాకితే రాలేట్టున్నాయి. రేకుల మీంచి చుక్క చుక్క కింద పడుతోంది. ఇంత అందం మా ఇంటి ముందే ఉంటే నేను ఏ గోడలు చూస్తూ బతికానో అనిపించి ఏడుపొచ్చింది.

కంది మధ్యలో, పది సాళ్లకొకటి చొప్పున జొన్న నిలబడి ఉంది. కందికంటే ఎత్తుగా, కంకి మీద. ఆ కంకుల మీద పిట్టలు! గోరింకలు, పిచ్చుకలు, చీలిన తోకల నల్లటి పసులపోలిగాళ్లు. ఇష్టారాజ్యం. నాకు ఒళ్లు మండింది. "మా నాయిన లేడని చూసి దిగినారే దొంగల్లారా!" అని చెప్పు తీసి విసిరాను.

నేను పట్టుకుంటే ఉడుంపట్టు. మంచె ఎక్కి నూనె డబ్బా వాయించాను. పాత క్యాసెట్ల టేపు లాగి చేనంతా అడ్డంగా కట్టాను, గాలికి అది జుమ్మని మోగేది. అటక మీద నాయిన ఒడిసెల దొరికితే రాళ్లు విసరడం కూడా నేర్చుకున్నాను. నాలుగు రోజుల్లోనే చేను చప్పుడు లేకుండా అయిపోయింది. ఆ నిశ్శబ్దంలో మంచె మీద కూర్చుని చదువుకుంటూ, ఎంత హాయిగా ఉందో అనుకున్నాను.

రోజూ పొద్దున ఫోన్ చేసేదాన్ని. అమ్మ "నీ నాయిన ఇంటుండు, జెప్పు" అని ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టి నల్లా నీళ్లకు ఉరికేది. నేను మంచు గురించి, పూత గురించి చెప్పి, చివర్లో గొప్పగా, "ఒక్క పిట్టను వాలనియ్యలే నాయినా!" అనేదాన్ని. అవతల ఏదో అనబోయేవాడు. దగ్గు అందుకునేది. సంతోషం పట్టలేక దగ్గుతున్నాడనుకున్నాను. ఏమనాలి నన్ను?

పదమూడో రోజు నేను మాట్లాడకముందే ఆయన మొదలుపెట్టాడు. ఆ మాటల కోసం రాత్రంతా ఊపిరి దాచుకున్నాడని అమ్మ తర్వాత చెప్పింది. అన్ని రోజులూ చేత్తో ఏదో సైగ చేస్తుంటే, మందు అడుగుతున్నాడనుకుందట.

"జొన్న... మనకు గాదు బిడ్డా. పిట్టలకు... ఏసిన."

అమ్మ ఫోన్ లాక్కుంది. "ఏంది, పిట్టల్ని కొడుతున్నవా? అయ్యో నా తల్లీ! జొన్న మీద వాలినయి దిగి కందిల పురుగు తింటయి. ఏటా గట్లనే ఏస్తడు. ఇంత సదివినవ్, గిది ఎర్కనే అనుకుంటిమి."

ఎరుకే. అదే కదా సిగ్గుచేటు. కందిలో మధ్య మధ్య ఎత్తయిన పైరు ఎందుకు వేస్తారు అన్న బిట్టు లైబ్రరీలో మూడుసార్లు రాశాను, మూడుసార్లూ సరైన జవాబే పెట్టాను. కాగితం మీద ఉన్న పక్షులు మా చేలో వాలితే గుర్తుపట్టలేదు.

ఫోన్ పెట్టి చేలోకి పరుగెత్తాను. పన్నెండు రోజులుగా దూరం నుంచే చూసి మురిసిన కంది అది. దగ్గరికి పోయి కొమ్మ వంచితే కాయ కాయకూ చిల్లి. పచ్చటి పురుగులు తల లోపల పెట్టి, ఒళ్లు బయట వేలాడేసి తింటున్నాయి. సాలు మధ్యలో కూలబడి తల బాదుకున్నాను.

టేపులన్నీ తెంపేశాను. ఇలాంటప్పుడు పసుపు కలిపిన అన్నం పెడితే పిట్టలు వస్తాయని అమ్మ చెప్పింది. తెల్లారకముందే వండి, మోదుగాకుల్లో సాళ్ల వెంబడి పెట్టి, నాయిన గొంగడి కప్పుకుని గట్టున కూర్చునేదాన్ని. కదలకూడదు. ముక్కు కారినా తుడుచుకోకూడదు. మొదటి రోజు చీమలు వచ్చాయి. రెండో రోజు ఒక కాకి. మూడో రోజు ఉడుత వచ్చి, నన్ను రాయి అనుకుందేమో, కాలి పక్కనే కూర్చుని తినిపోయింది. వేళ్లు కొంకర్లు పోయేవి. "రండర్రా, తప్పయింది, రండి" అని లోపల్లోపల బతిమాలుకున్నాను.

ఆరో పొద్దున ఒక పసులపోలిగాడు జొన్న కంకి మీద వాలాడు. కంకి ఊగింది. తోక సర్దుకుని, అటూ ఇటూ చూసి, కందిలోకి దూకి పురుగును పట్టుకుని మళ్లీ పైకెక్కాడు. నేను గొంగడిలోనే ఫోన్ కలిపి గుసగుసగా చెప్పాను. నాయిన, "మాటలొద్దు. ఫోన్... ఆడ పెట్టు" అన్నాడు. గట్టు మీద పెట్టాను. బ్యాలెన్స్ అయిపోయేదాకా ఆయన అక్కడ మంచంలో పడుకుని మా చేను విన్నాడు.

మర్నాటి నుంచి గోరింకలు కూడా దిగాయి. కానీ, "పురుగు ఉన్నదా?" అని నాయిన అడిగిన ప్రతిసారీ, "లేదు నాయినా" అనే చెప్పాను. సగం చేను అప్పటికే పోయింది.

అనుకున్న కోతకు నాలుగు రోజుల ముందు, చెప్పినట్టే వచ్చాడు. ట్రాలీ ఆటోలో పరుపు మీద పడుకోబెట్టి తెచ్చారు. ఆటో హారన్ వినగానే చేతులు అడ్డం పెట్టి ఎదురు పరుగెత్తాను. "సప్పుడు జెయ్యకుండ్రి, పిట్టలు లేస్తయి!"

నాయిన పరుపు మీంచే నవ్వాడు. "లేస్తే లేవని బిడ్డా. మళ్ల వాల్తయి."

ఇంట్లోకి రానన్నాడు. నేనూ అమ్మా చెరో రెక్క పట్టుకుని చేలోకి నడిపించాం. ఆయన బరువు నా భుజానికి తెలియనే లేదు. ఒక కాయ తెంపాడు. చిల్లి. ఇంకోటి తెంపాడు. చిల్లి. నేను ఆగలేకపోయాను. "అబద్ధం జెప్పిన నాయినా. సగం పోయింది. నేనే పోగొట్టిన" అని ఏడ్చాను.

"ఎర్కే" అన్నాడు. చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "తప్పు నీది గాదు. బడికి తోలిన గని... ఒక్క సలికాలం గూడ నిన్ను చేన్ల నిలవెట్టలే."

ముగ్గురం సాలులోనే కూర్చున్నాం. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా లేవలేదు. పిట్టలు మా పక్కనే దిగి తిన్నాయి.

మూడో రోజు తెల్లవారుజామున నాయిన పోయాడు. కోత ఆ తర్వాత వారానికి పెట్టుకున్నాం. కందికట్టెలన్నీ కళ్లానికి చేరాక, చేలో జొన్న సాళ్లు మాత్రం మిగిలాయి. కోతకు వచ్చిన ఒకామె కొడవలి పట్టుకుని అటు నడుస్తూ, "గవి గూడ కోయమంటవా అక్కా?" అని అడిగింది.

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "గవి మనయి గావు" అంది.