వేళ్లకందని వరుస

తడిపిన చార్టు కాగితాన్ని బోర్లా పరిచి, గాజు సామానుకు బొమ్మలు అతికించే ఆమె బొటనవేలితో వెనకవైపు రుద్దుతోంది. లేచిన పొర సన్నటి వత్తుల్లా చుట్టుకుని రాలుతోంది. దళసరి కాగితం గుండ్రటి గాజు మీద వంగదు, ముడతలు పడుతుంది. అందుకే బొమ్మవైపు రెండు పూతలు వార్నీషు పట్టించి, వెనకవైపు తడిపి, ఉల్లిపొరంత పలచన చేయాలి. ముప్పై ఏళ్లుగా ఆమె చేతికి అలవాటైన పని.

"పలచన కంటికి తెలీదు, వేలికే తెలుస్తుంది" అని గొప్పగా చెప్పుకునేది. రెండేళ్లుగా అది గొప్ప కాదు, గతి. కళ్లకు పొరలు కమ్మాయి. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు.

ఆ కాగితం వీధి చివరి వడ్రంగిది. జ్వరంతో పోయిన అతని ఎనిమిదేళ్ల కూతురు గీసిన పడవ బొమ్మ.

"ఇదొక్కటే మిగిలిందక్కా. గాజు జాడీకి లోపలివైపు అతికించివ్వు, కిటికీలో పెట్టుకుంటా" అన్నాడు.

"నా చేతిలో పడ్డ కాగితానికి ఢోకా లేదు తమ్ముడూ" అని మాటిచ్చింది.

టీ తెచ్చిన కోడలు బల్ల దగ్గర ఆగిపోయింది.

"అత్తయ్యా, ఆ పొట్టులో అక్షరాలేంటి?"

"అక్షరాలా?"

"పెన్సిల్ రాత. వెనకంతా రాసుంది. మీకు కనపడలేదా?"

వేలు ఆగింది. మిగిలిన వరుసను కోడలు పైకి చదివింది: "నాన్నా, నువ్వు చేసిన బల్ల మీద..." ఆ తర్వాత తెల్లటి నూగు. ఇద్దరూ పొట్టును విడదీసి చూశారు. ఒక్క మాట కూడా కూడిరాలేదు.

"అతికించేయండి. జాడీలోకి ఎవరు తొంగిచూస్తారు?" అంది కోడలు.

"నోరు ముయ్యి. పని చెడగొట్టింది చాలు, మనిషిని కూడా మోసం చెయ్యమంటావా?"

ఇంకా రుద్దితే ఆ వరుస పోతుంది, రుద్దకపోతే కాగితం జాడీకి వంగదు. ఆమె జాడీని పక్కన పెట్టి చదునైన పలక గాజు తీసింది. బొమ్మవైపు జిగురు రాసి గాజుకు ఆనించి, గాలిబుడగలను మధ్యనుంచి అంచులకు నెట్టింది. ఎక్కడ బుడగ మిగిలిందో కోడలు చెబుతూ వచ్చింది. రాత కనిపించేలా అత్త వెనకవైపు రంగులేని వార్నీషు పూసింది.

మూడో రోజు వడ్రంగి వచ్చాడు.

"జాడీ అన్నాను కదక్కా?" అంటూ పలక తిప్పాడు. ఏడాదిగా గోడకు మేకులేసి ఉంచిన కాగితం అది; వెనక రాత ఉందని అతనికీ తెలీదు. వేలితో అక్షరాల వెంట వెళ్లి, చివర ఆగాడు.

"తర్వాతేముంది?"

"నేను తుడిచేశాను. నా కళ్లు కనపడట్లేదు తమ్ముడూ. ఆ సంగతి దాచి నీ కాగితం పట్టుకున్నాను."

అతను పలకను తువ్వాలులో చుట్టి, రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగాడు.