మిషనెక్కిన జాకెట్టు ముక్క

శ్రావణమాసం పేరంటాల్లో జాకెట్టు ముక్కలు ఇంటింటికీ తిరుగుతాయే గానీ కుట్టుమిషను ఎక్కవని అలివేలుమంగగారికి చిరాకు. అందుకే ఏటా వరలక్ష్మీవ్రతానికి వారం ముందే మెళ్లో టేపు వేసుకుని భీమవరం శివార్లలోని రొయ్యల షెడ్డుకి వెళ్తారు. అక్కడ రొయ్యలు ఒలిచే ఆడవాళ్లకి కొలతలు తీసి, జాకెట్లు తనే కుట్టి, వ్రతంనాడు శనగలతో పాటు వాయనమిస్తారు.

ఈ ఏడు కొలతలు తీశాక షెడ్డులో కొత్తగా చేరిన సత్తెమ్మ కూడా వ్రతంనాడు వాళ్లతో వాయనానికి వచ్చి, భుజం మీది చిరుగుని చేత్తో కప్పుకుంటూ గుమ్మంలోనే ఆగిపోయింది.

"నా కొలతలు తియ్యలేదు కదండీ, నాకు శనగలు చాలండి."

అలివేలుమంగగారు కళ్లతోనే ఆమె భుజాలు కొలిచి, సాయంత్రం పేరంటానికని తనకోసం కుట్టుకున్న జాకెట్టు తెచ్చిచ్చారు.

"తొడుక్కో అమ్మా, మనిద్దరిదీ ఒకటే కొలత."

పాత జాకెట్టుతోనే పేరంటానికి వెళ్లొచ్చి, అక్కడ తాంబూలంలో ఇచ్చిన ముక్కకి మర్నాడు పొద్దున్నే కత్తెర పెట్టారు. సత్తెమ్మకి మారు జాకెట్టు ఉండాలి కదా!