కాగిన నీళ్లు

చెరువు నీళ్ల పరీక్షకు వచ్చే యంకప్పకు తొందరంటే తెలియదు. గట్టున చెప్పులు విడుస్తాడు, సీసాను ఆ చెరువు నీళ్లతోనే మూడుసార్లు తొలుస్తాడు, నింపి మూత బిగించాక తడిచేతిని ప్యాంటుకు తుడుచుకుంటాడు. నీళ్లెలా ఉన్నాయని ఎవరడిగినా ఒకటే జవాబు: "కాగవెట్టుకోని తాగుండ్రి, ఏం గాదు." పదేళ్లుగా ఊరూరా అదే మాట.

ఈసారి అరకేర దగ్గరి చిన్న చెరువులో, రంగు ఒలకబోసినట్టు నీలిపచ్చ పాచి మీగడలా తేలుతోంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. సీసా ముంచబోయిన చెయ్యి ఆగిపోయింది. ఇలాంటి పాచిలో విషం ఉంటే అది ఎంత కాచినా పోదని మొన్నటి శిక్షణలో చెప్పారు. అంతలో గట్టు పక్కింటి నింగమ్మ ఎప్పటిలాగే చెంబుతో వచ్చింది. "తాగు యంకప్పా. బోరు ఎండింది, చెర్వు నీళ్లే. నువ్వు చెప్పినట్లె కాగవెట్టిన." చెంబు అందుకున్నాడు గాని పెదవుల దాకా పోనివ్వలేదు. "మన్మరాలికి గిట పోసినవా, అవ్వా?" అని అడిగాడు. "నాల్గు దినాల సంది గవే తాగుతున్నది. ఏం గాదు గదా?" యంకప్ప నోరు తెరిచాడు. పదేళ్లుగా అలవాటైన ఆ రెండు మాటలు రాలేదు.