వంకర గీతల మావయ్య

మావయ్య గీసిన గీత పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ తిన్నగా వెళ్ళలేదు. ఇళ్ళ ప్లాన్లు గీసి బతికే మనిషికి ఇది చిన్న లోపమేం కాదు. ఆయన గది గీస్తే తలగడలా ఉబ్బేది. తలుపు గీస్తే గోడకి జారబడి కునుకు తీస్తున్నట్టుండేది.

అదే ఆఫీసులో కంప్యూటర్ మీద బొమ్మలు తయారుచేసేది ఆయన మేనకోడలు. ఆమె వేసిన ఇంట్లో ఎండ కూడా పద్ధతిగా పడుతుంది. చూసినవాళ్ళు నోరెళ్ళబెడతారు. సరిగ్గా అప్పుడే మావయ్య చెవి మీది పెన్సిల్ తీస్తాడు. ఆమె ప్రాణం ఉసూరుమంటుంది.

"నీకు దణ్ణం పెడతాను మావయ్యా, ఇవాళొక్కరోజు ఆ పెన్సిల్ ముట్టుకోకు. ఇల్లు కట్టించుకునే పెద్దాయన ఊ అంటే రేపే పునాది తవ్వుతారు."

"ముట్టుకోనే తల్లీ, ఒట్టు!"

పెద్దాయనా, ఆయన భార్యా వచ్చారు. పెద్దాయన నోటికి విశ్రాంతి లేదు. ఆవిడ నోరు విప్పదు. తెర మీద వంటిల్లు తళతళలాడింది.

"బ్రహ్మాండం! కానిచ్చేయండి!" అన్నాడు పెద్దాయన.

"మీకెలా ఉందమ్మా?" మావయ్య ఆవిడని అడిగాడు.

"బాగుందండీ," అంది ఆవిడ, మావయ్య మొహం మీద నుంచి చూపు తిప్పకుండా.

అంతే, ఒట్టు తీసి గట్టున పెట్టాడు. మావయ్య ఆ ప్లాన్ ప్రింటు మీద పల్చటి కాయితం పరిచి గీకడం మొదలెట్టాడు. వంటగట్టు మెలికలు తిరిగింది. పొయ్యి ముందు, గుమ్మానికి వీపు పెట్టి, బస్తాలాంటి ఆకారం ఒకటి వెలిసింది.

"ఇది మీరమ్మా."

"నేనా?" ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. "ఇలా ఇవ్వండి, మా మనవడు నయం!"

పెన్సిల్ లాక్కుని ఆయన గీసిన పొయ్యిని అడ్డంగా కొట్టేసింది. ఎదురుగోడ వైపు ఇంకొకటి గీసింది. "నేను గుమ్మం వైపు తిరిగి నిలబడాలి. వెనక నుంచి ఎవరొచ్చినా నాకు వినపడదు. రోజూ ఉలిక్కిపడి చస్తున్నాను!"

అనేసి నాలుక కరుచుకుంది.

పెద్దాయన తెల్లబోయాడు. "వినపడదా? మరి ఇన్నేళ్ళూ పిలిస్తే పలక్కపోతే, నేనంటే లెక్కలేదనుకున్నానే!"

"వినపడదంటే మీరు ఇంకా గట్టిగా మాట్లాడతారని భయం!"

అందరికీ నవ్వాగలేదు. మేనకోడలు ఆ కాయితాన్ని స్కాన్ చేసి, ఆవిడ గీతల మీదే తెరపై గోడలు కట్టింది. పెద్దాయన భార్య ఎదురుగా కూర్చుని, "కిటికీ ఎక్కడుండాలి?" అని నెమ్మదిగా అడిగాడు. ఆవిడకి చెప్పడానికి ఇల్లంతా ఉంది. పునాది వచ్చే వారానికి వాయిదా పడింది, ఎవరికీ బాధ లేదు.

వాళ్ళు వెళ్ళాక మేనకోడలు అడిగింది: "నీకు ముందే తెలుసు కదూ?"

"ఆవిడ మన పెదాలు చూస్తోందే. నలుగురిలో అడిగితే చిన్నబుచ్చుకోదూ? నీ బొమ్మంత అందంగా ఉంటే వేలుపెట్టే ధైర్యం ఎవరికుంటుంది? నాదైతే ఎవరైనా దిద్దొచ్చు."

మాట్లాడుతూనే ఏదో గీస్తున్నాడు. ఆమె తొంగిచూసింది. పొయ్యి దగ్గర ఆవిడ, గుమ్మంలో పెద్దాయన, ఇద్దరి మొహాల్లోనూ నవ్వు. అచ్చం వాళ్ళే, ప్రాణం పోసినట్టున్నారు.

"మావయ్యా! నీకు బొమ్మలేయడం వచ్చా!"

"ష్! అరవకు. తెలిసిందంటే నాతో కూడా 'బాగుందండీ' అనేసి వెళ్ళిపోతారు."