భీమిలి దాటాక అత్తమ్మ

మొన్న కోటగిరి నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. పిల్లలతో విశాఖపట్నం పోతున్నారట. "వదినా, నువ్వూ అవ్వా పోయొచ్చిండ్రు గదా, ఏమేం సూడాలె జెర చెప్పు" అంది. మా ఇంటిల్లిపాదిలో సముద్రం చూసొచ్చిన ఘనత మా అత్తమ్మకూ నాకూ మాత్రమే దక్కింది కాబట్టి అడగడంలో తప్పులేదు. కైలాసగిరి ఎక్కండి, జలాంతర్గామి చూడండి అని రెండు ముక్కలు చెప్పాను. ఫోన్ పెట్టేశాక మాత్రం కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. విశాఖ అనగానే నాకు గుర్తొచ్చేవి ఆ రెండూ కావు మరి.

మా పొలానికి పక్క పొలం క్యాంపు వాళ్లది. గోదావరి వైపు నుంచి తాతల కాలంలో వచ్చి, నిజాంసాగర్ కాలువ కింద భూములు కొనుక్కొని స్థిరపడ్డవాళ్ల ఊళ్లను మా బాన్సువాడ వైపు ఇప్పటికీ క్యాంపులనే అంటారు. ఆ ఇంటావిడను నేను పిన్నిగారు అంటాను. పదేళ్ల పైమాటే, ఆమె తమ్ముడు విశాఖలో ఇల్లు కట్టుకొని గృహప్రవేశానికి పిలిస్తే, "మీరిద్దరూ కూడా రండమ్మా, సముద్రం చూసినట్టుంటుంది" అని అత్తమ్మనూ నన్నూ బయల్దేరదీసింది. మా ఆయన ససేమిరా అన్నాడు. వాళ్లమ్మకు డెబ్భై దగ్గర పడింది, మోకాళ్ల నొప్పులు, పైగా కాలువకు నీళ్లు వదిలే రోజులు. అత్తమ్మే తేల్చేసింది: "నీళ్ల వంతు నువ్వు సూస్కో. నేను సముద్రం సూసొస్త." బాన్సువాడలో బస్సెక్కించేటప్పుడు ఆయన నా చెవిలో ఒకటే మాట చెప్పాడు: "అవ్వను ఒక్కదాన్ని ఇడిసిపెట్టకు." ఆ మాట నా వెంట టికెట్ లేకుండా విశాఖ దాకా వచ్చింది.

నగరం అత్తమ్మను పెద్దగా కదిలించలేదు. కైలాసగిరికి తీగమీద పోయే డబ్బాలో కళ్లు గట్టిగా మూసుకొని కూర్చొని, దిగాక "మస్తుగున్నది" అంది. జలాంతర్గామిలో వంగి నడుస్తూ, "గీ ఇనుప డబ్బల మనుషులు ఎట్ల పండుకున్నరో, పాపం!" అని, వాళ్ల తల్లుల మీద కూడా ఇంత జాలిపడింది. సముద్రం దగ్గర మాత్రం మాకంటే ముందు తనే నడిచింది. చెప్పులు విడిచి, నీళ్లకు దండం పెట్టి, అల వచ్చి కాళ్లను తాకగానే వంగి దోసిట్లో పట్టి నోట్లో పోసుకుంది. వెంటనే తుపుక్కున ఊసింది. "గిన్ని నీళ్లుండి ఏం ఫాయిదా బిడ్డా, ఒక్క మడి పారదు!" అని బంగాళాఖాతాన్ని మొత్తం ఒక్క మాటతో కొట్టిపారేసింది. పిన్నిగారు నవ్వలేక పొట్ట పట్టుకుంది.

మర్నాడు కారు కిరాయికి మాట్లాడుకొని భీమిలి వైపు పోయాం. దారంతా ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఎర్రమట్టి దిబ్బలు, జీడితోటలు, తాటిచెట్లు. భీమిలి దాటి కొంచెం పోయాక పచ్చటి వరి మొదలైంది. వరి కనబడగానే వెనక సీట్లో ఒరిగి ఉన్న అత్తమ్మ నిటారుగా కూర్చుంది. పరాయి ఊళ్లో సొంత చుట్టం ఎదురైనట్టు ఆమె మొహం విప్పారింది. ఒకచోట రోడ్డు పక్కన సరుగుడు చెట్ల నీడలో కారు ఆపి డ్రైవర్ టీకి పోయాడు. "నా మోకాళ్లు గుంజుతున్నయి, మీరు పోయి రాండ్రి, నేనీడ్నే కూసుంట" అని అత్తమ్మ చెట్టుకింద చతికిలబడింది. పిన్నిగారూ నేనూ ఇసకలోకి దిగి, చీరల అంచులు తడుపుకొని, గవ్వలు ఏరుకొని తిరిగొచ్చేసరికి చెట్టుకింద ఎవరూ లేరు. రోడ్డంచున ఆమె చెప్పులు మాత్రం పక్కపక్కనే విడిచి ఉన్నాయి.

చెప్పులు విడిచిందంటే నిన్నటిలాగే దండం పెట్టడానికి నీళ్లలో దిగిందనే కదా! "కంగారుపడకమ్మా, ఆవిడెక్కడికి పోతారు" అంటూనే పిన్నిగారు ఏరిన గవ్వలన్నీ పారబోసి నీళ్ల వైపు తిరిగింది. నేను "అత్తమ్మా! అత్తమ్మా!" అని అరుచుకుంటూ ఒడ్డు వెంట పరుగెత్తాను. వలలు బాగుచేసుకుంటున్న మనుషులు లేచి నడుం లోతు దాకా దిగి వెతికారు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. మా ఆయన! ఎత్తకపోతే అనుమానం, ఎత్తితే ఏడుపు. ఎత్తాను. "అవ్వ ఏం జేస్తుంది?" "కూసున్నది" అన్నాను. "మోకాళ్లు?" "మంచిగున్నయి." ఫోన్ పెట్టేసి ఇసకలో కూలబడ్డాను. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ మనిషితో నేను పడని పోట్లాట లేదు. ఉప్పు ఎక్కువైందని ఆమె, కాలేదని నేను. ఆ క్షణాన మాత్రం ఆమె లేని ఇంట్లోకి అడుగుపెట్టడం నాతో కాదనిపించింది. దేవుడా, ఆమె వచ్చి నన్ను నాలుగు తిడితే చాలు అనుకున్నాను.

అప్పుడు వినబడింది అత్తమ్మ గొంతు. సముద్రం వైపు నుంచి కాదు, రోడ్డుకు అవతల నుంచి. అదీ కొట్లాట గొంతు! ఒక్క ఉరుకున రోడ్డు దాటాను. చీర మోకాళ్ల పైకి చెక్కి, మోచేతుల దాకా బురదతో, వరిమడి గట్టు మీద నిలబడి ఒక రైతుతో వాదులాడుతోంది. అతను నన్ను చూసి, "ఏటమ్మా, మీ మడిసేనా? యూరియా సల్దామని గట్టు కొట్టి నీరు తీసినాను. అలగెల్లి వచ్చీసరికి మొత్తం కప్పెట్టీసినాది!" అన్నాడు. అత్తమ్మ తగ్గితే కదా! "నీళ్లు అట్ల పోతుంటె సూస్కుంట కూసుంటరా? ఇడిసింది నువ్వే అయితే మూతికాడ ఇంత గడ్డి పెట్టాలె గదా!"

మా కాలువ కింద అదే పద్ధతి. గండి పడి నీళ్లు పోతుంటే, పొలం ఎవరిదైనా సరే, దారిన పోయేవాళ్లు మూసి పోవాల్సిందే. కావాలని తీసినవాళ్లు గండి పక్కన గడ్డి పిడికెడు గుచ్చి పెడతారు. కాలువ చివర పొలమున్న మా ఇంట్లో అయితే అది వేదం. ఇక చెప్పుల సంగతంటారా, చెప్పుకాళ్లతో పొలంలో అడుగుపెట్టని మనిషి ఆమె. అది నాకు తెలియక కాదు. ఎదురుగా అంత సముద్రం పెట్టుకొని వెనక ఉన్న వరిని ఎవరు చూస్తారు! నేను ఆమెను బురద చేతులతో సహా కావలించుకొని బావురుమన్నాను. "ఏంది పిల్లా, గట్లేడుస్తవ్? నేనేమన్న సచ్చిన్నా? ఆ ఉప్పునీళ్లల్ల నేనెందుకు దిగుత, పిస గిట్ల లేసిందా నీకు?" అని అందరి ముందూ కడిగిపారేసింది. ఆ తిట్లు నా చెవులకు ఎంత చల్లగా తాకాయో! సంగతి తెలిసి రైతు పకపకా నవ్వాడు. "మా కాడ గడ్డేటి పెట్టమమ్మా" అంటూ ఒక కుర్రాణ్ణి చెట్టెక్కించి మాకు కొబ్బరిబొండాలు దింపించాడు. అవి తాగాక అత్తమ్మ వంగి, తాను మూసిన గండిని తన చేతులతోనే మళ్లీ తెరిచింది.

తిరుగుదారిలో నేనే మా ఆయనకు ఫోన్ చేసి "అవ్వ కూసున్నది" అన్నాను. "ఇందాకనే చెప్తివి గదనే" అన్నాడు విసుక్కుంటూ. నిజం చెబితే ఎంత హాయిగా ఉంటుందో ఆయనకేం తెలుసు! అత్తమ్మ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆమె గోళ్లలో ఆ పరాయి మడి మట్టి ఎండిపోయి ఉంది.

ఇప్పుడామె ఎనభై దాటింది. మధ్యాహ్నం పూట మంచం మీద కునుకు తీస్తుంటే, అటుగా పోతూ ఒక్క క్షణం ఆగి, ఊపిరి ఆడుతోందా అని చూసి వంటింట్లోకి పోతుంటాను. కాలం అందరికీ కొలిచే ఇస్తుందంటారు. ఆ పొద్దు ఆమెతో నా కొలత అయిపోయిందనే అనుకున్నాను. ఆ తర్వాత ఆమెతో గడిచిన ఏళ్లన్నీ నా దోసిట్లో కొసరుగా పడ్డవే.