చిన్నమ్మ వద్దన్న నక్షా

మొన్న మనవరాలు ఫోనులో ఒక ఫ్లాటు ప్లాను చూపించి, "ఎట్లుంది తాతా?" అని అడిగింది. నా వేలు ముందుగా స్నానాలగది తలుపు ఎటు తెరుచుకుంటుందో వెతికింది. ఈ అలవాటు నాకు చదువుతో అబ్బలేదు. పంతొమ్మిదివందల అరవైల్లో, నాంపల్లి స్టేషను వెనక ఒక పాత అహాతాలో ఉండే మా చిన్నమ్మ అంటించింది.

అహాతా అంటే నడుమ పెద్ద వాకిలి, చుట్టూ పన్నెండు గదులు. బేగంబజారులో మూటలు మోసే పాలమూరువాళ్లు, ఒక రైల్వే గుమాస్తా, ఒక దర్జీ, అందరికీ ఒక్కో గది. దర్జీ భార్యను అందరం ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్లం. అదంతా కూల్చి, అక్కడే మూడంతస్తులు కట్టి, వాళ్లకే ఇళ్లు ఇవ్వాలని నేను పనిచేసే సర్కారు ఆఫీసు తలపెట్టింది. నక్షా, అదే ఇళ్ల ప్లాను, గీసింది నేనే. గీతలు ఎంత తిన్నగా వచ్చాయంటే, మెప్పు పొందాలని లక్డీకాపూల్‌లోని ఆఫీసు నుంచి దాన్ని చంకన పెట్టుకుని చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమెకు చదువు రాదు. గది ఎన్ని అడుగులో, తలుపెక్కడో ఒక్కొక్కటే అడిగి తెలుసుకుని, చాయ్ ఇచ్చి పంపింది. మెచ్చుకోలేదు.

ఆ ప్లానుకు ఒప్పుకున్నట్టు అహాతావాళ్లతో సంతకాలు పెట్టించుకునే రోజు పొద్దున ఆఫీసరుతో వెళ్లేసరికి, వాకిట్లో ముగ్గుపిండి గీతలతో నేను గీసిన ఇల్లు అసలు కొలతల్లో పరిచి ఉంది. అందులో మంచం, పొయ్యి, బిందెలు, గుమాస్తాగారి అయిదుగురు పిల్లలు.

"జర లోపలికొచ్చి కూసోండ్రి సారూ," అంది చిన్నమ్మ. ఆయన కూర్చుంటే మోకాళ్లు పొయ్యికి తగిలాయి. పిల్లలు నవ్వారు. "ఖాలా తానం జేసి గీడికెల్లి బయటికొస్తే మెట్లెక్కెటోళ్లందరు చూస్తరు. నడుమ వాకిలే లేదు. పెండ్లయితే పందిరి ఏడ ఏస్తం? ఎవరన్న పోతే ఏడ పండవెడ్తం?"

"పరదా కావాలంటే ఆమెను వేరేచోట చూసుకోమను," అన్నాడాయన.

చిన్నమ్మ ముఖం ఎర్రబడింది. "ఆమె ఏడికి పోదు. నా కాన్పుకు ఉరికొచ్చింది ఆమెనే. ఆమెకు పనికిరాని ఇల్లు మాకెవ్వరికి పనికిరాదు."

ఒక్కరూ సంతకం పెట్టలేదు. వేలిముద్రలకు తెచ్చిన సిరా డబ్బా మూత కూడా తీయలేదు. ఆఫీసరు నావైపు తిరిగి, తెలియనట్టు, "ఎవరు గీశారిది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా చిన్నమ్మే అందుకుంది: "మావోడే గీసిండు. తప్పు గీసిండు. మళ్ల గీస్తడు." ఉద్యోగం పోతుందనిపించింది. అయినా, "గీస్తాను సార్," అన్నాను.

నాకు మెమో వచ్చింది. నాలుగుసార్లు గీశాను. చివరికి వాకిలి నిలిచింది, స్నానాలగదులు వెనక్కి జరిగాయి, ఖాలాకు కింద ఇల్లు దొరికింది. ఆఫీసరు కక్షకొద్దీ, మోకాళ్ల నొప్పులున్న చిన్నమ్మకు మూడో అంతస్తు ఇచ్చాడు. "గాలి మంచిగొస్తది," అంటూ ఆమె పద్దెనిమిదేళ్లు ఆ మెట్లెక్కింది.

కాలం ఎటు తోస్తే అటు పోవడమే అని నా యీడువాళ్లు అంటుంటారు. ఆ ముగ్గుపిండి గీతలు చూసిన నేను మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.